ఆవపిండి పొట్లం

ఆ వేసవిలో మా ఇంట్లో మొదట ఆగిపోయినవి పాలు.

1961 ఏప్రిల్ మొదటి వారం. నెల్లూరు మూలాపేటలో మా వీధికి పదేళ్ళుగా పాలు పోస్తున్న మాలకొండమ్మ ఆ పొద్దున మా గుమ్మం దాటి పక్కింటికి వెళ్ళిపోయింది. మా అత్తగారు కామాక్షమ్మ చెంబు పట్టుకుని వీధిలోకి వెళ్ళారు.

"ఏంది మాలకొండా, ఇల్లు మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు తల్లా. మా కోడలికి ఇద్దరు బిడ్డల్నీ మగ్దలీనమ్మే పురుడు పోసింది. ఆ తల్లిని చంపినోడి పక్కన మీ అల్లుడు నిలబడతాడంట గదా కోర్టులో. వాడి దగ్గర్నే పాలు పోయించుకోండి."

ఆవిడ ఖాళీ చెంబుతో లోపలికి వచ్చారు. నా భార్య పోయిన నాలుగేళ్ళుగా నాకూ, ఎనిమిదేళ్ళ నా కూతురు శేషుకూ వండిపెడుతున్నది ఆవిడే. పాలు లేని కాఫీలో బెల్లం కాస్త ఎక్కువ వేసి నా ముందు పెట్టారు.

నిజానికి ఆ కేసు నేను పట్టింది కాదు. ఉరిశిక్ష పడే నేరంలో ముద్దాయికి వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే సెషన్స్ కోర్టే మాలో ఎవరినో ఒకరిని నియమిస్తుంది. నాకంటే ముందు ఇద్దరు ఆ కాగితాలు తిప్పి పంపారు. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి తల్లి జబ్బు. జడ్జిగారు నన్ను తమ గదికి పిలిచినప్పుడు నాకూ ఒక కారణం ఉందనే ధైర్యంతో వెళ్ళాను.

"అయ్యా, ఇందులో ముఖ్యసాక్షి గ్రామ మునసబు పద్మనాభయ్య. ఆయన నా భార్యకు అన్న. మా ఇంట్లో ఉన్న పెద్దావిడ ఆయన తల్లి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ బంధుత్వం సాక్షితో. ముద్దాయికి అభ్యంతరం లేకపోతే నాకూ లేదు. మీరూ వద్దంటే పోయినేడు కోటు తొడిగిన కుర్రవాడికి ఇవ్వాలి. అతను ఇంతవరకు ఒక దొంగతనం కేసు కూడా నడపలేదు. ఇది ఉరి కేసు, రంగనాయకులు గారూ."

నేను కాగితాల కట్ట తీసుకుని బయటికి వచ్చాను. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళడం నా చేతిలో ఉండింది కానీ, వచ్చేటప్పటికి ఏదీ నా చేతిలో లేదనిపించింది.

మగ్దలీనమ్మ అంటే అల్లూరు నుంచి సముద్రం దాకా తెలియని ఇల్లు లేదు. ముప్పై ఏళ్ళు ఒక నల్ల గొడుగు, ఒక రేకుపెట్టె పట్టుకుని గట్ల వెంబడి నడిచి పురుళ్ళు పోసిన నర్సమ్మ. శేషు పుట్టిన రోజు వరదలో కాలువ పొంగితే అరటిబోదెల తెప్ప మీద దాటి మా అత్తగారింటికి వచ్చింది. నా భార్య టైఫాయిడ్‌తో పోయినప్పుడు బస్సెక్కి నెల్లూరు వచ్చి, అందరూ ఏడుస్తూ ఉంటే, శేషుకు తల రుద్ది నీళ్ళు పోసి జడ వేసింది. ఆ రోజు ఆ బిడ్డ సంగతి గుర్తుపెట్టుకున్నది ఆమె ఒక్కతే.

ఆమెను చంపాడని పట్టుకున్న మనిషి ఉప్పుమళ్ళలో కూలి, మాల్యాద్రి.

జైలులో అతను కటకటాలకు అవతల గొంతుకూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి పాదాలు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి.

"తమరు మునసబయ్యకి బావ గదయ్యా," అన్నాడు.

"అవును. నేను వద్దనుకుంటే చెప్పు. జడ్జిగారు వేరేవాళ్ళని పెడతారు."

"మీరు వచ్చినారు గదా. ఇంకెవురూ రాలా."

అతని భార్య డిసెంబరులో పురిట్లో పోయింది, బిడ్డతో సహా. మగ్దలీనమ్మకు కబురు పెడితే మర్నాడు గానీ రాలేకపోయింది. మూడు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున అతను తూము దగ్గర ఉండగా ఆమె గట్టు మీద వస్తూ కనిపించింది.

"'ఆ పొద్దు ఎందుకు రాలేదమ్మా' అన్నా. 'ఇంకో ఊళ్ళో బిడ్డ అడ్డం తిరిగింది నాయనా' అనింది. 'మా బిడ్డ బిడ్డ కాదా' అని తోసినా. తూము రాయి తగిలింది తలకి. భుజానేసుకుని మునసబయ్య ఇంటికి పరిగెత్తినా. అరుగు మీద దించేసరికి పానం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పినా. వేలేయించుకున్నారు."

నా దగ్గర ఉన్న వాంగ్మూలం చదివి వినిపించాను. మా బావగారి చేతిరాత అది. "సదరు మగ్దలీనమ్మ వచ్చు దారి తెలిసినవాడనై, పగబట్టి, తూము వద్ద కాచుకొని యుంటిని" అని ఉంది. మోసుకుని పరిగెత్తిన మాట లేదు.

మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు. "కాచుకోలేదయ్యా. పోటు నీళ్ళు వచ్చే ఏళ. తూము తెరిచి మళ్ళకి నీళ్ళు పెడతా ఉండా. నా పని అదే గదా. ఇది నేను చెప్పింది గాదు."

"నీ వేలిముద్ర ఉంది."

"రెండు మాట్లు వేసినానయ్యా. ఒకటి మునసబయ్య అరుగు మీద. ఇంకోటి మర్నాడు స్టేషన్లో. 'అదే కాగితం, బాగా రాసినాం' అన్నారు."

కాచుకుని ఉంటే ఉరి. పని చేసుకుంటూ ఉంటే కొన్నేళ్ళ జైలు. ఒక మనిషి ప్రాణం ఆ రెంటి మధ్య ఉంది. 'బాగా రాసినాం' అన్న మాట వినగానే ఏం జరిగిందో నాకు అర్థమైపోయింది. మరో వకీలుకు అర్థమయ్యేది కాదు.

పద్మనాభయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. కానీ ఏది రాసినా ముందు చిత్తు రాసి, దాన్ని తీరిగ్గా సాపు రాసి గానీ బయటికి పంపడు. నా పెళ్ళి మాటలప్పుడు రాసిన ఉత్తరం నుంచి ఇప్పటిదాకా ఆయన రాసిన దాంట్లో ఒక్క కొట్టివేత నేను చూడలేదు. కొట్టివేత ఉన్న కాగితం పంపడమంటే ఆయనకు చొక్కా లేకుండా కచేరీకి వెళ్ళడంతో సమానం. చిత్తులన్నీ ఒక బుట్టలో పడేవి. వాటిలో ఆయన భార్య పప్పులూ పొడులూ పొట్లాలు కట్టేది. మాకు ఏటా వేసవిలో ఆవకాయకు ఆవపిండీ మిరప్పొడీ ఆ పొట్లాల్లోనే వచ్చేవి. శేషుకు వాటిని విప్పి చదవడం ఒక ఆట. "నాన్నా, ఎవరిదో ఎనుము తప్పిపోయిందంట!" అని ఇల్లంతా తిరిగేది.

వకీళ్ళ గదిలో నేను అడుగు పెడితే మాటలు ఆగేవి, లేదా పెద్దవయ్యేవి.

"ఏమబ్బా రంగనాయకులూ, ముద్దాయికి నువ్వే పురుడు పోస్తావంటనే?"

"సుఖప్రసవం కావాలని ముడుపు కట్టుకో!"

నేనూ నవ్వినట్టు ముఖం పెట్టేవాణ్ణి. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చే ఇద్దరు పాత క్లయింట్లు తమ దస్తావేజులు అడిగి తీసుకువెళ్ళారు. శేషుకు బడిలో పక్కన కూర్చునే పిల్ల చోటు మార్చుకుంది. ఇంటికి వచ్చి చెప్పలేదు, పలకల సంచి కుట్టు ఊడదీస్తూ కూర్చుంటే మా అత్తగారే రాబట్టారు.

ఒక సాయంత్రం మగ్దలీనమ్మ కూతురు ఆనందకుమారి వచ్చింది. బడిపంతులమ్మ, తెల్లచీర, చేతిలో తల్లి గొడుగు. వరండాలో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎవరో ఒకరు వాడి తరఫున నిలబడాలంట, చట్టం అంట. మా పాస్టరుగారు చెప్పినారు. నేను కాదనను. ఆ ఒక్కరూ మీరే కావాల్నా అన్నా? ఈ పాపని మా అమ్మ చేతుల్లోకి తీసుకునింది గదా."

ఆమె నన్ను అన్నా అనడం కంటే తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

మా అత్తగారు గ్లాసుతో మజ్జిగ తెచ్చారు. ఆనందకుమారి ఆ గ్లాసు వంక చాలాసేపు చూసింది. తర్వాత తీసుకుని, నిలబడే, మొత్తం తాగింది. ఆమె తాగకపోయి ఉంటే ఆ రోజు నేను ఏమైపోయేవాణ్ణో.

విచారణకు వారం ముందు ఆదివారం పద్మనాభయ్య బావ ఎప్పటిలాగే సంచులతో దిగాడు. గానుగ నూనె, ఆవపిండి, మిరప్పొడి, ఒక గంప మామిడికాయలు. భారీ మనిషి. భోజనానికి కూర్చుంటే పీట కనిపించదు.

"నన్ను కోర్టులో నువ్వే అడుగుతావంటనే!" అని పెద్దగా నవ్వాడు. "ఏం అడుగుతావో ఇప్పుడే అడుగు, జవాబులు సాపు రాసుకొస్తా."

"ఇంట్లో కేసు మాటలొద్దు బావా."

"వద్దులే. తొందరగా తేల్చెయ్యి. నాలుగ్గంటల బస్సు దొరకాల నాకు." తర్వాత అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు, "ఆమె నా అరుగు మీద పడుకోబెట్టి ఉంటే చూడలేకపోయినాను రంగా. మా పిల్లలు నలుగురూ ఆమె చేతి మీదుగా వచ్చినవాళ్ళే. వాణ్ణి ఉరి తీస్తే గానీ నాకు నిద్ర పట్టదు."

నేను తల వంచుకుని తిన్నాను. ఆయన తన కంచంలో ఉన్న గడ్డపెరుగు సగం తీసి నా కంచంలో వేశాడు. పెళ్ళైన నాటి నుంచి అది ఆయన అలవాటు. మా ఇంటికి పాలు రావడం లేదని తెలిసి ఆ పెరుగు కూడా ఊరి నుంచి ఆయనే తెచ్చాడు.

మర్నాడు మా అత్తగారు కాయలు కొట్టించి, నన్ను పొట్లాలు విప్పమన్నారు. శేషు బడిలో ఉంది. ఆవపిండి పొట్లం పెద్దది, రెండు కాగితాలు కలిపి కట్టింది. పిండి జాడీలో ఒంపి కాగితం దులపబోయి ఆగాను.

అంతా కొట్టివేతలు. మధ్యలో ఒక వేలిముద్ర. తేదీ జనవరి పద్నాలుగు.

"ఉప్పుమళ్ళకు నీళ్ళు పెడుతూ తూము వద్ద ఉంటిని" అని ఉంది. కాచుకొని అన్న మాట ఎక్కడా లేదు. కిందికి వస్తే, "భుజాన వేసుకొని పరుగెత్తితిని. దారిలో నీళ్ళు అడిగినది. నా కుండలో నీళ్ళు తాపితిని" అని ఉంది.

నేను దాన్ని చదివి, మళ్ళీ చదివాను. ముక్కులో ఆవఘాటు ఎక్కి కళ్ళవెంట నీళ్ళు కారాయి. అది ఘాటు వల్లే.

"ఏముంది నాయనా అందులో?" అన్నారు మా అత్తగారు. ఆవిడకు చదువు రాదు. కానీ కొడుకు చేతిరాత తెలుసు.

దాచలేకపోయాను. "ఇది కోర్టుకు తీసుకెళ్తే ఒక మనిషికి ఉరి తప్పుతుంది అత్తా. ఒక మనిషికి మునసబీ పోతుంది. కాగితం మార్చి రాశాడని అందరి ముందూ తేలుతుంది. ఎక్కడిదని అడిగితే మా వంటింట్లోది అని చెప్పాలి."

ఎవరి మునసబీ అని ఆవిడ అడగలేదు. ముక్కల్లో నూనె పోసి కలుపుతూ ఉన్నారు. చెయ్యి ఆపకుండానే, "వాడు కావాలని రాసి ఉంటాడా?" అన్నారు.

"లేదు. బాగుండాలని రాసి ఉంటాడు."

కాగితాన్ని పీనల్ కోడు పుస్తకంలో పెట్టాను. ఆ వారం అంతా ఆ పుస్తకం బల్ల మీదే ఉంది. నేను దాన్ని తెరవలేదు, అక్కడి నుంచి తీయలేదు. తీసుకెళ్తే ఈ ఇంట్లో అన్నం తినలేను. తీసుకెళ్ళకపోతే ఎక్కడా తినలేను. నడవాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి నడవాలోకి తిరిగేవాణ్ణి. మా ఇల్లు అంత చిన్నదని నాకు అంతకుముందు తెలియదు.

ఆదివారం పొద్దున్నే మా అత్తగారు, మనవళ్ళను చూసి వస్తానని అల్లూరు బస్సెక్కారు. మధ్యాహ్నం నేను పుస్తకం తెరిచాను. కాగితం లేదు. ఆ పేజీల్లో ఆవ వాసన మాత్రం ఉంది.

పొయ్యి దగ్గరికి వెళ్ళి బూడిద కదిపి చూశాను. ఆ పని చేసినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. అయినా అక్కడ కూర్చున్నప్పుడు, కాగితం పోయిందన్న భయం కింద ఎక్కడో, పోనీలే అన్న సుఖం కూడా కదిలింది. దానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఆవిడ పొద్దు గూకే వేళకు వచ్చారు. కాళ్ళు కడుక్కుని పొయ్యి వెలిగించారు. మర్నాడు కోర్టుకు బయల్దేరుతుంటే కోటు మీద నలక తీస్తూ ఒక్క మాట అన్నారు.

"వాణ్ణి గట్టిగా అడగబాక నాయనా. చిన్నప్పట్నించీ అంతే. గట్టిగా అడిగితే వాడికి మాట పడిపోతాది. మెల్లిగా అడుగు."

కోర్టు హాలు కిటికీల దాకా నిండిపోయింది. అల్లూరు వైపు నుంచి ఆడవాళ్ళు చంటిబిడ్డలతో వచ్చారు, మగ్దలీనమ్మ చేతిలో పుట్టిన బిడ్డలతో. నేను లోపలికి వస్తుంటే దారి ఇచ్చారు గానీ చీర చెంగులు నాకు తగలకుండా దగ్గరికి లాక్కున్నారు. ఆనందకుమారి వెనక బెంచీలో ఉంది. బోనులో మాల్యాద్రి తన పాదాల వంక చూసుకుంటున్నాడు.

బావ ఇస్త్రీ కోటుతో సాక్షి స్థానంలో నిలబడి, ప్రాసిక్యూటరు అడిగినవాటికి తడబడకుండా చెప్పాడు. వాంగ్మూలం తను రాసిందేనన్నాడు. తర్వాత నేను లేచాను. జవాబు తెలియని ప్రశ్న అడగకూడదని మా సీనియరు నేర్పాడు. ఆ రోజు నా దగ్గర అలాంటి ప్రశ్న ఒక్కటే ఉంది.

"మునసబు గారూ, మీరు ఏది రాసినా ముందు చిత్తు రాసి తర్వాత సాపు రాస్తారు. అవునా?" మెల్లిగా అడిగాను. వెనక ఎవరో "గట్టిగా!" అని అరిచారు.

"అవునండీ."

పదిహేనేళ్ళలో ఆయన నన్ను అండీ అనడం అదే మొదలు.

"కోర్టులో ఉన్న ఈ కాగితం ఏది?"

ఆయన నా వంక చూశాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. "సాపండీ. మర్నాడు రాసింది."

"చిత్తు ఏమైంది?"

ఆయన కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం తీశాడు. బంట్రోతు అందుకుని బల్ల దగ్గరికి తెచ్చాడు. మడతలు విప్పగానే పసుప్పచ్చ పొడి రాలింది. బెంచి క్లర్కు గట్టిగా తుమ్మాడు. ఎవరూ నవ్వలేదు.

"రెంటికీ తేడా ఎందుకు వచ్చింది?" అని జడ్జిగారే అడిగారు.

"ఎస్సైగారు చిత్తు చూసి, వాడు ఆడ ఎందుకుండినాడో సరిగా రాయలేదే అన్నారండీ. నాకూ వెలితిగా కనిపించింది. వాడు కాచుకొనే ఉంటాడని అందరం అనుకుంటిమి. సాపు రాసేటప్పుడు పూరించినాను. అక్కరలేదనుకున్నవి తీసేసినాను." ఆయన బోను వైపు తిరిగాడు. "వాడు చెప్పింది మాత్రం ఆ చిత్తులో ఉండేదేనండీ."

నేను అడగడానికి ఇంకేమీ లేదు. కూర్చున్నాను.

బయట వరండాలో ఆనందకుమారి నా కోసం ఆగి ఉంది.

"మా అమ్మ నీళ్ళు అడిగిందా?"

"చిత్తులో అలాగే ఉందమ్మా. అతను తాపాడు."

"సాపులో ఎందుకు లేదు?"

ఆమె గొడుగు కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. "నాకు మీ మీద కోపం పోలేదన్నా. ఆ ఒక్క మాట నకలు రాసి ఇప్పిస్తారా? ఆ నీళ్ళ మాట."

రాసి ఇచ్చాను.

వేసవి సెలవులకు ముందే తీర్పు వచ్చింది. ఉరి లేదు, ఏడేళ్ళు. మెట్ల మీద ఒక ముసలామె, "నర్సమ్మ పానం ఏడేళ్ళంట!" అని నా ముందు ఉమ్మేసింది. నా సైకిలు సీటును ఎవరో బ్లేడుతో కోశారు. మాల్యాద్రి పోలీసుల మధ్య వెళుతూ నా వంక తిరిగి, మొక్కబోయి, చేతులకు బేడీలు ఉంటే తల వంచాడు.

జూన్‌లో బావను మునసబీ నుంచి తీసేశారు. ఆ సాయంత్రమే మా అత్తగారు పెట్టె సర్దుకున్నారు.

"నీకు శేషు ఉండాది, కోర్టు ఉండాది," అన్నారు. "వాడికి ఇప్పుడు పొద్దు పోదు. ఎవురింటికీ పోలేడు." ఆవకాయ జాడీకి కొత్త గుడ్డ కట్టి, తడి గరిటె పెట్టొద్దని శేషుకు మూడుసార్లు చెప్పారు. బస్సు దగ్గర నేను కాళ్ళకు దండం పెడితే, "కాగితం నేనే ఎత్తుకుపోయినా. నువ్వు తీసి చూపిస్తే వాడు దొంగ అయ్యేవాడు," అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత ఆ ఇంటి నుంచి కబురు లేదు. నేను రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. ఆషాఢంలో ఒక పొద్దున మా గుమ్మం దగ్గర చెంబులో పాలు ఉన్నాయి. మాలకొండమ్మ అప్పటికే పక్కింటి ముందు ఉంది. ఇటు తిరిగి చూడలేదు. మర్నాడు నేను చెంబు బయట పెట్టాను, ఆమె పోసింది. అంతే.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. కాయలు కొనాలా వద్దా అని నేను తేల్చుకోక ముందే, అల్లూరు బస్సు డ్రైవరు ఒక గంపా, సంచీ తెచ్చి దించి వెళ్ళాడు. నూనె, మిరప్పొడి, ఆవపిండి. ఇప్పుడు ఆ ఇంట్లో చిత్తులు లేవు. అన్నీ వార్తాపత్రికలో కట్టి ఉన్నాయి. శేషు దిగాలుగా విప్పుతూ, ఆవపిండి పొట్లం లోపల ఒక తెల్ల కాగితం చూసి కేక వేసింది.

బావ చేతిరాత. అమ్మ కులాసా, మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది అని ఉంది. శేషును సెలవులకు పంపమని ఉంది. మాల్యాద్రిని చూడటానికి వెళితే, వాడి ఉప్పుమడి పని వాడి తమ్ముడు చేస్తున్నాడని, తాను దగ్గరుండి చూస్తున్నానని చెప్పమని ఉంది. అడుగున ఒక వరుస మొదలుపెట్టి, "ఆ దినం నువ్వు అడగకపోయి ఉంటే" దాకా రాసి, కొట్టేశాడు. దాని కింద ఇంకేమీ లేదు. పైన కూడా నాలుగైదు చోట్ల కొట్టివేతలు, ఒకచోట సిరా మరక.

శేషు నా భుజం మీదుగా చదివింది. "నాన్నా, ఇది చిత్తు. మామయ్య సాపు రాయడం మర్చిపోయినాడు."

"మర్చిపోలేదమ్మా," అన్నాను.

కాగితం మీది పిండి జాడీలోకి దులిపి, దాన్ని పోయినేడు ఆ పాత కాగితం ఉన్న పుస్తకంలోనే, ఆ పేజీలోనే పెట్టాను. తర్వాత ఇద్దరం సంచి పట్టుకుని కాయలు కొట్టించడానికి వెళ్ళాం.